అందంగా అంటే బ్యూటిఫులా, బ్యూటిఫుల్లీనా? ఇంగ్లీషు విశేషణాలపై పాఠకుల ప్రశ్నలు

ఈ సంచికకు చేరిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఇంగ్లీషు విశేషణాల గురించే ఉన్నందువల్ల, మిగిలిన ప్రశ్నలను వచ్చే నెలకు వాయిదా వేసి, ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాము. ఇంగ్లీషు మాటలను, వాక్యాలను మన అలవాటు ప్రకారం తెలుగు లిపిలోనే ఇస్తున్నాము.

ప్రశ్న: క్రియను వర్ణించేది క్రియా విశేషణమని చిన్నప్పటి నుంచి చదువుకున్నాను. అలాంటప్పుడు ‘ద బిర్యానీ టేస్ట్స్ డెలిషస్’ అనే వాక్యంలో ‘టేస్ట్స్’ తరువాత ‘డెలిషస్లీ’ అనే కదా ఉండాలి? కళాశాల పరీక్షలో అలా రాస్తే మార్కు పోయింది. కారణం వివరించగలరు.
(డిగ్రీ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: మీరు చదువుకున్న సూత్రం సరైనదే, దానిని ఈ వాక్యానికి వర్తింపజేయడంలోనే చిక్కు ఉంది. ఒక మాట క్రియ పక్కన ఉన్నంత మాత్రాన అది క్రియకే చెందినదని అనుకోకూడదు. అది దేని సంగతి చెబుతున్నదో చూడాలి. ఈ వాక్యంలో బిర్యానీ ఏ పనీ చేయడం లేదు. రుచి చూసేది తినేవారు. బిర్యానీకి ఉన్నది రుచి అనే గుణం మాత్రమే. ఆ గుణాన్ని తెలిపే ‘డెలిషస్’ కర్త అయిన బిర్యానీకి విశేషణం, ‘టేస్ట్స్’ ఆ రెండింటినీ కలిపే లంకె. ఇటువంటి క్రియలను లింకింగ్ వెర్బ్స్ అంటారు. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అనే రూపాలు గల ‘బీ’ క్రియ వీటిలో ముఖ్యమైనది. లుక్, సౌండ్, స్మెల్, టేస్ట్, ఫీల్, సీమ్, బికమ్, రిమెయిన్ మొదలైనవి కూడా సందర్భాన్ని బట్టి ఇదే పని చేస్తాయి.

తెలుగు మాట్లాడేవారికి ఇక్కడ తడబాటు కలగడానికి మన ‘గా’ ప్రత్యయమే కారణమని నా అభిప్రాయం. ‘పిల్ల అందంగా ఉంది’ అంటాము, ‘పిల్ల అందంగా పాడుతుంది’ అని కూడా అంటాము. మొదటి వాక్యంలో అందం పిల్లది, రెండవ దానిలో పాటది. అయినా ‘అందంగా’ అన్న మాటలో ఏ మార్పూ లేదు, తేడా అంతా ‘ఉంది’, ‘పాడుతుంది’ అనే క్రియలలోనే తెలిసిపోతున్నది. ఇంగ్లీషులో మాత్రం ఆ మాట రూపమే మారి, ‘ద గర్ల్ ఈజ్ బ్యూటిఫుల్’, ‘ద గర్ల్ సింగ్స్ బ్యూటిఫుల్లీ’ అవుతుంది. అందువల్ల మనసులో మెదిలిన తెలుగు వాక్యంలో ‘గా’ తరువాత ఉంది, ఉన్నాడు, కనిపించింది, అనిపించింది వంటి క్రియ వస్తే ఇంగ్లీషులో విశేషణాన్నీ, వండింది, నడిచాడు, రాసింది వంటి పని చెప్పే క్రియ వస్తే క్రియా విశేషణాన్నీ వాడితే చాలా వరకు పొరపాటు జరగదు. ‘బిర్యానీ రుచిగా ఉంది’ అన్నది మొదటి రకమని మీకే తెలుస్తుంది.

ఇంకొక పరీక్ష కూడా ఉంది. సందేహం కలిగిన క్రియను తీసివేసి, ఆ స్థానంలో ‘ఈజ్’ పెట్టి చూడండి. ‘ద బిర్యానీ ఈజ్ డెలిషస్’ అన్నప్పుడు అర్థం చెడలేదు కాబట్టి అక్కడ విశేషణమే తగినది. అయితే ఒకే క్రియ ఒక చోట లంకెగానూ, మరొక చోట అసలైన పనిగానూ ఉంటుంది, అక్కడే జాగ్రత్త అవసరం. సిటీ బస్సులో చిల్లర దగ్గర మాట పెరిగిందనుకోండి. ‘ద కండక్టర్ లుక్డ్ యాంగ్రీ’ అంటే కండక్టర్ కోపంగా కనిపించాడని. ‘ద కండక్టర్ లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మీ’ అంటే నా వైపు కోపంగా చూశాడని. మొదటి దానిలో ‘లుక్డ్’ బదులు ‘వాజ్’ పెట్టవచ్చు, రెండవ దానిలో పెడితే వాక్యం కూలిపోతుంది. అదే విధంగా ‘ద కుక్ టేస్టెడ్ ద బిర్యానీ కేర్‌ఫుల్లీ’ అన్నప్పుడు వంటవాడు నిజంగానే రుచి చూస్తున్నాడు కాబట్టి ‘కేర్‌ఫుల్లీ’ సరైనది.

చివర ‘లీ’ కనిపించిన ప్రతి మాటా క్రియా విశేషణమే అనుకోవడం కూడా పొరపాటే. ఫ్రెండ్లీ, లవ్లీ, లోన్లీ, కాస్ట్లీ అనేవి విశేషణాలు. ‘హి స్పోక్ ఫ్రెండ్లీ’ అనకుండా ‘హి స్పోక్ ఇన్ ఎ ఫ్రెండ్లీ వే’ అనాలి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం ఇంటర్వ్యూలకు తయారవుతున్నాను. ‘ఐ యామ్ వెరీ ఇంట్రెస్టింగ్ ఇన్ దిస్ జాబ్’ అన్నప్పుడు ఎదుట కూర్చున్నవారు నవ్వారు. ఇంట్రెస్టింగ్, ఇంట్రెస్టెడ్ అనే రెండింటికీ తేడా ఏమిటి?
(నిరుద్యోగి, అమీర్‌పేట)

జవాబు: మీరు అన్న మాటకు ‘నేను చాలా ఆసక్తికరమైన మనిషిని’ అనే అర్థం వచ్చింది, అందుకే వారు నవ్వి ఉంటారు. అది మర్యాద కాకపోయినా, మీ సందేహం చాలా మందికి ఉన్నదే. ఒక క్రియ నుంచి ‘ఇంగ్’ చేరి పుట్టిన విశేషణం ఆ భావాన్ని కలిగించేదానికి చెందుతుంది. ‘ఎడ్’ చేరి పుట్టినది ఆ భావం కలిగినవారికి చెందుతుంది. ఉద్యోగం ఆసక్తి కలిగిస్తుంది, ఆసక్తి కలిగినది మీకు. కాబట్టి ‘ద జాబ్ ఈజ్ ఇంట్రెస్టింగ్’, ‘ఐ యామ్ ఇంట్రెస్టెడ్ ఇన్ ద జాబ్’. బోరింగ్, బోర్డ్, టైరింగ్, టైర్డ్, కన్‌ఫ్యూజింగ్, కన్‌ఫ్యూజ్డ్, సర్‌ప్రైజింగ్, సర్‌ప్రైజ్డ్ అనే జంటలన్నీ ఇదే పద్ధతిలో నడుస్తాయి.

ఈ సూత్రాన్ని కంఠస్థం చేసినవారు కూడా గబగబా మాట్లాడేటప్పుడు తప్పుతుంటారు, ఎందుకంటే తెలుగులో ‘పాఠం విసుగ్గా ఉంది’, ‘నాకు విసుగ్గా ఉంది’ అనే రెండు వాక్యాలలోనూ ‘విసుగ్గా’ అన్న మాట ఒక్కటే. కానీ ఆ రెండింటినీ మరొకసారి చదివితే, దారి చూపే మాట మన వాక్యంలోనే ఉన్నదని తెలుస్తుంది. ఒక భావం ఎవరికి కలిగిందో వారిని తెలుగు ‘కు’ విభక్తిలో నిలబెడుతుంది: నాకు, మా అమ్మకు, పిల్లలకు. ఇంగ్లీషులో ఆ ‘నాకు’ కర్త స్థానానికి వెళ్ళి ‘ఐ’ అవుతుంది, దాని వెంట ‘ఎడ్’ రూపం వస్తుంది. ‘నాకు విసుగ్గా ఉంది’ అంటే ‘ఐ యామ్ బోర్డ్’, ‘పాఠం విసుగ్గా ఉంది’ అంటే ‘ద లెసన్ ఈజ్ బోరింగ్’. తెలుగులో ‘కు’ ఉంటే ఇంగ్లీషులో ‘ఎడ్’ అని గుర్తుంచుకుంటే ఇంటర్వ్యూ కంగారులో కూడా సరైన రూపమే నోటికి వస్తుంది. మనుషులకు ‘ఇంగ్’ రూపం ఎన్నడూ వాడకూడదని మాత్రం అనుకోవద్దు. ‘హి ఈజ్ బోరింగ్’ అనేది వ్యాకరణ రీత్యా నిర్దోషమైన వాక్యం, కాకపోతే ఆ మనిషి ఇతరులను విసిగిస్తాడని దాని అర్థం.

ప్రశ్న: మాకు లాడ్‌బజార్‌లో గాజుల దుకాణం ఉంది. ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టేటప్పుడు ‘లాక్ రెడ్ స్మాల్ బ్యూటిఫుల్ బ్యాంగిల్స్’ అని రాస్తే, కళాశాలలో చదివే మా అమ్మాయి వరుస తప్పిందని అంటున్నది. అన్ని మాటలూ ఉన్నప్పుడు వరుస ఏదైతే ఏమిటి?
(వ్యాపారి, చార్మినార్)

జవాబు: మీ అమ్మాయి చెప్పినదే సరి. ‘బ్యూటిఫుల్ స్మాల్ రెడ్ లాక్ బ్యాంగిల్స్’ అని ఉండాలి. ఇంగ్లీషులో ఒక నామవాచకం ముందు అనేక విశేషణాలు వచ్చినప్పుడు సాధారణంగా మన అభిప్రాయం ముందు, ఆ తరువాత పరిమాణం, వయస్సు, ఆకారం, రంగు, పుట్టిన చోటు, తయారైన పదార్థం, ఉపయోగం అనే వరుసలో వస్తాయి. లెక్క చెప్పే సంఖ్య ఉంటే అది వీటన్నింటి కంటే ముందు నిలుస్తుంది.

ఈ జాబితాను పిల్లల చేత వల్లె వేయిస్తుంటారు గానీ, దాని వెనుక ఉన్న ఆలోచన తెలిస్తే అంత శ్రమ అక్కరలేదు. వస్తువులో విడదీయరానిది ఏదో అది నామవాచకానికి అతి దగ్గరగా ఉంటుంది. చూసేవారిని బట్టి మారేది దూరంగా ఉంటుంది. గాజు లక్కతో చేసినది అన్న సంగతి ఎవరు చూసినా మారదు. ఎరుపు కూడా గాజుదే, కానీ అదే లక్కతో పచ్చ గాజులూ చేస్తారు. చిన్నది అన్నది పక్కన ఉన్న మరొక గాజుతో పోల్చి చెప్పే మాట. అందమైనదా కాదా అన్నది పూర్తిగా కొనేవారి కంటికి సంబంధించినది. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించినప్పుడు నమోదైన ‘హైదరాబాద్ లాక్ బ్యాంగిల్స్’ అనే పేరులో సైతం ముందు ఊరు, తరువాత పదార్థం, ఆ తరువాత వస్తువు ఉన్నాయి.

నిజానికి ఈ వరుస మనకు కొత్తది కాదు. ‘అందమైన చిన్న ఎర్ర లక్క గాజులు’ అని మీ దుకాణంలో ఎవరైనా అడిగితే వినసొంపుగానే ఉంటుంది. ‘లక్క ఎర్ర చిన్న అందమైన గాజులు’ అంటే తెలుగు చెవికే ఎక్కడో తగులుతుంది. కాబట్టి ఇంగ్లీషులో రాసే ముందు తెలుగులో ఒకసారి పైకి చదువుకోండి. మీ ఇంటికి దగ్గరలోనే ఉన్న సాలార్‌జంగ్ మ్యూజియంలో ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ముసుగు రెబెకా విగ్రహాన్ని చూసే ఉంటారు. మొదటి సాలార్‌జంగ్ దానిని 1876లో సేకరించారు. దానిని ఇంగ్లీషులో వర్ణించాలంటే ‘ఎ బ్యూటిఫుల్ నైన్‌టీన్త్ సెంచురీ ఇటాలియన్ మార్బుల్ స్టాచ్యూ’ అంటాము. అభిప్రాయం, కాలం, దేశం, పాలరాయి, చివరకు విగ్రహం.

ఉపయోగాన్ని చెప్పే మాట అన్నింటి కంటే చివర నిలవడం వల్ల ఒక వింత ఏర్పడుతుంది. ‘ఎ స్లీపింగ్ బేబీ’ అంటే నిద్రపోతున్న పాప. ‘ఎ స్లీపింగ్ బ్యాగ్’ అంటే నిద్రపోతున్న సంచి కాదు, నిద్రపోవడానికి ఉపయోగించేది. రెండవ దానిలో ‘స్లీపింగ్’ నామవాచకాన్ని అంటిపెట్టుకుని ఉంటుంది; ‘ఎ స్లీపింగ్ గ్రీన్ బ్యాగ్’ అని మధ్యలో రంగును దూర్చలేము, ‘ఎ గ్రీన్ స్లీపింగ్ బ్యాగ్’ అనే తీరాలి.

కామాల సంగతి మీరు అడగలేదు, అయినా దుకాణపు రాతలలో అవసరం పడుతుంది. రెండు విశేషణాల మధ్య ‘యాండ్’ పెట్టినా, వాటిని అటూ ఇటూ మార్చినా వాక్యం చెడకపోతే కామా పెట్టండి: ‘ఎ లాంగ్, టైరింగ్ జర్నీ’. అలా కుదరనప్పుడు పెట్టవద్దు: ‘ఎ స్మాల్ రెడ్ బాక్స్’. ఇక నాలుగైదు విశేషణాలను ఒకే చోట గుప్పించడం వ్యాకరణానికి సమ్మతమే అయినా, చదివేవారు రెండు మూడింటికే విసుగు చెందుతారని నా సలహా.

ప్రశ్న: గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. ఒక పుస్తకంలో దిస్, మై, సమ్, ఫైవ్, ఎవ్రీ అనేవి విశేషణాలని ఉంది. మరొక దానిలో డిటర్మినర్లు అని ఉంది. ఏది నమ్మాలి?
(అభ్యర్థి, అశోక్‌నగర్)

జవాబు: రెండూ నమ్మదగినవే, అవి రెండు తరాల వ్యాకరణాలు. నామవాచకాన్ని ఏ విధంగానైనా పరిమితం చేసే మాటలన్నింటినీ పాత పుస్తకాలు విశేషణాల కిందే లెక్కగట్టి, గుణవాచకం, సంఖ్యావాచకం, పరిమాణవాచకం అంటూ విభజించాయి. ఆధునిక వ్యాకరణం వాటి ప్రవర్తనను చూస్తుంది. ‘గుడ్’ వంటి మాటకు బెటర్, బెస్ట్ అనే తరతమ రూపాలున్నాయి, ముందు ‘వెరీ’ చేరుతుంది, ‘ద బుక్ ఈజ్ గుడ్’ అని క్రియ తరువాత కూడా నిలబడుతుంది. ‘మై’ ఈ మూడింటిలో ఒక్కటీ చేయదు. ‘ద బుక్ ఈజ్ మై’ అనలేము. పైగా ‘మై దిస్ బుక్’ అని అటువంటి మాటలు రెండింటిని పక్కపక్కన ఉంచడం కూడా కుదరదు, మనం మాత్రం ‘నా ఈ పుస్తకం’ అని నిక్షేపంగా అంటాము. ఇన్ని తేడాలున్నప్పుడు వాటికి డిటర్మినర్లు అని వేరే పేరు పెట్టడమే న్యాయమని నేను భావిస్తాను. సంఖ్యలు, ‘మెనీ’ వంటివి మాత్రం రెండు వర్గాల నడుమ ఊగిసలాడుతూనే ఉంటాయి.

ఇటువంటి వర్గీకరణలు మారడం కొత్త విషయమేమీ కాదు. ప్రాచీన గ్రీకు వ్యాకరణంలో డయోనిసియస్ థ్రాక్స్ పేరున ప్రసిద్ధమైన ఎనిమిది భాషాభాగాల జాబితాలో విశేషణానికి వేరే స్థానమే లేదు, అది నామవాచకంలోనే ఒక రకం. పరీక్ష వరకు మీరు చేయవలసినది ఒక్కటే: ప్రశ్నలో ఇచ్చిన ఐచ్ఛికాలను ముందు చదవండి. వాటిలో ‘డిటర్మినర్’ ఉంటే దానిని ఎంచుకోండి, లేకపోతే ‘యాడ్జెక్టివ్’ అనే గుర్తించండి.

ప్రశ్న: ‘సీనియర్ దేన్ మీ’ అని మెయిల్‌లో రాస్తే మా మేనేజర్ ‘సీనియర్ టు మీ’ అని దిద్దారు. పోలిక చెప్పేటప్పుడు ‘దేన్’ రావాలి కదా?
(ఐటీ ఉద్యోగిని, మాదాపూర్)

జవాబు: మీ మేనేజర్ దిద్దినది సరైనదే. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్‌ఫీరియర్, ప్రయర్ అనేవి లాటిన్ నుంచి వచ్చినవి. అవి ఆ భాషలో అప్పటికే తరతమ రూపాలు. ఇంగ్లీషులో వీటి తరువాత ‘టు’ వస్తుంది. పోలికలలో మన ఆఫీసు ఇంగ్లీషు తరచుగా తప్పే చోట్లు మరి రెండున్నాయి. ‘చాలా మెరుగు’ అన్న అలవాటుతో ‘వెరీ బెటర్’ అంటుంటారు; ‘మచ్ బెటర్’ లేదా ‘ఫార్ బెటర్’ అనాలి. ‘వన్ ఆఫ్ ద బెస్ట్’ తరువాత వచ్చే నామవాచకం తప్పనిసరిగా బహువచనం: ‘వన్ ఆఫ్ ద బెస్ట్ టీమ్స్’.

ప్రశ్న: ‘ద చైల్డ్ ఈజ్ అస్లీప్’ అనవచ్చు గానీ ‘యాన్ అస్లీప్ చైల్డ్’ అనకూడదని ఒక ఉపాధ్యాయురాలిగా పిల్లలకు చెబుతున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేకపోతున్నాను.
(ఉపాధ్యాయురాలు, ఉప్పల్)

జవాబు: ఇంగ్లీషు విశేషణాలలో చాలా భాగం నామవాచకం ముందూ, క్రియ తరువాతా రెండు చోట్లా ఇముడుతాయి. కొన్ని మాత్రం ఒక్క చోటుకే పరిమితం. అస్లీప్, అలైవ్, అఫ్లోట్ వంటి మాటల మొదట ఉన్న ‘అ’ పాత ఇంగ్లీషులోని ‘ఆన్’ అనే విభక్తి పదం అరిగిపోగా మిగిలిన ముక్క. ‘అస్లీప్’ అంటే ‘నిద్రలో’ అని, ‘అలైవ్’ అంటే ‘ప్రాణంతో’ అని చెప్పుకోవచ్చు. తెలుగులో కూడా ‘పాప నిద్రలో ఉంది’ అంటాము గానీ ‘నిద్రలో పాప’ అనము, ‘నిద్రపోతున్న పాప’ అంటాము. ఇంగ్లీషు సైతం అదే విధంగా ‘ఎ స్లీపింగ్ చైల్డ్’ అంటుంది. పిల్లలకు ఇలా చెబితే వెంటనే పట్టుబడుతుంది. ‘అఫ్రెయిడ్’ పుట్టుక వేరు, అది ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియకు భూతకాల రూపం. అయినా అదీ ఇదే పద్ధతి పాటిస్తుంది. దీనికి పూర్తిగా ఎదురు తిరిగినవి మెయిన్, మియర్, ఫార్మర్ అనేవి: ‘ద మెయిన్ రోడ్’ అంటాము గానీ ‘ద రోడ్ ఈజ్ మెయిన్’ అనము.

ప్రశ్న: మా బాబు ‘హాట్ హాట్ ఇడ్లీ’, ‘స్మాల్ స్మాల్ పీసెస్’, ‘ఫైవ్ ఇయర్స్ బాయ్’ అంటుంటాడు. మాన్పించాలా?
(గృహిణి, కూకట్‌పల్లి)

జవాబు: మొదటి రెండింటికి కంగారు పడవద్దు. వేడి వేడి ఇడ్లీ, చిన్న చిన్న ముక్కలు అనే మన జంటపదాలు ఇంగ్లీషులోకి నడిచి వచ్చాయి, ఇంట్లో వాటితో ఎవరికీ నష్టం లేదు. పరీక్ష రాతలో మాత్రం ‘పైపింగ్ హాట్ ఇడ్లీస్’, ‘స్మాల్ పీసెస్’ అని రాయమని చెప్పండి. ఎక్కువ ముక్కలున్నాయన్న సంగతి ‘పీసెస్’ అనే బహువచనమే తెలుపుతుంది. మూడవది మాత్రం దిద్దవలసినదే. ఇంగ్లీషు విశేషణానికి బహువచనం లేదు కాబట్టి నామవాచకం ముందు చేరినప్పుడు ‘ఇయర్స్’ కూడా ‘ఇయర్’ అయిపోతుంది: ‘ఎ ఫైవ్ ఇయర్ ఓల్డ్ బాయ్’. క్రియ తరువాత చెప్పేటప్పుడు ‘హి ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్’ అని బహువచనం తిరిగి వస్తుంది. ‘ఎ టెన్ రుపీ నోట్’ అనడంలోని రహస్యం కూడా ఇదే.

ప్రశ్న: విశేషణం ముందు వస్తుందంటారు, మరి ‘అడ్వకేట్ జనరల్’ అనే పదవి పేరులో వెనుక ఎందుకు వచ్చింది? దాని బహువచనం ఏమిటి?
(న్యాయశాస్త్ర విద్యార్థి, బర్కత్‌పుర)

జవాబు: 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించిన తరువాత కొన్ని శతాబ్దాల పాటు అక్కడి పాలనలోనూ, న్యాయస్థానాలలోనూ ఫ్రెంచి భాష చలామణి అయింది. ఫ్రెంచిలో విశేషణం సాధారణంగా నామవాచకం తరువాత వస్తుంది. ఆ పద్ధతిలో స్థిరపడిన అటార్నీ జనరల్, కోర్ట్ మార్షల్, నోటరీ పబ్లిక్ వంటి పేర్లు నేటికీ అలాగే మిగిలాయి, మన అడ్వకేట్ జనరల్ పదవి పేరు కూడా ఆ అచ్చులోనే తయారైంది. ‘సమ్‌థింగ్ న్యూ’, ‘నథింగ్ స్పెషల్’ అన్నప్పుడు విశేషణం వెనుకకు వెళ్ళడం మాత్రం ఫ్రెంచి ప్రభావం కాదు. సమ్‌థింగ్, ఎనీథింగ్, నోబడీ వంటి సర్వనామాలకు ఇంగ్లీషు పెట్టుకున్న సొంత నియమం.

బహువచనం నామవాచకానికే చేరుతుంది కాబట్టి ‘అడ్వకేట్స్ జనరల్’ అనాలి. ‘మేజర్ జనరల్’ అనే సైనిక పదవిని దీనితో కలపవద్దు. అక్కడ ‘జనరల్’ విశేషణం కాదు, సేనాధిపతి అనే అర్థంలో నామవాచకం. అందువల్ల దాని బహువచనం ‘మేజర్ జనరల్స్’.